టెస్టులో పాజిటివ్ వస్తే పాపకు గుడ్డు మాన్పించాలా?

కడపమ్మాయి: పాపకు రెండేళ్లు. ఒంటిమీద ఎగ్జిమా, అదే దురద పొక్కులు, తగ్గట్లేదని డాక్టరు రక్త పరీక్ష రాశారు. గుడ్డు తెల్లసొనకు స్పెసిఫిక్ ఐజీఈ (అలర్జీ యాంటీబాడీ) 1.8, పక్కన 'పాజిటివ్'. పాపేమో వారానికి రెండుసార్లు ఎగ్ దోసె తింటుంది, ఎప్పుడూ ఏమీ కాలేదు. మాన్పించాలా?

బురుజు_కర్నూలు: పాజిటివ్ అనడానికి ల్యాబు గీత 0.35. అది దాటిందా, లేదా? దాటింది. మాన్పించండి.

అనంతక్క: అన్నా, రక్తంలో గుడ్డు మీద యాంటీబాడీ ఉందనే ఆ పరీక్ష చెప్పేది. తింటే పడదని కాదు. హాయిగా తినే పిల్లకు మాన్పిస్తే తర్వాత నిజంగానే పడకుండా పోవచ్చు.

బురుజు_కర్నూలు: మరి ల్యాబువాళ్లు పాజిటివ్ అని ఊరికే రాస్తారా?

సీమబిడ్డ: ఐజీజీ అని ఇంకో యాంటీబాడీ టెస్టు ఉంది, అది కూడా చేయించండి, అన్నీ తెలుస్తాయి.

అనంతక్క: అది తిన్న ప్రతిదానికీ వస్తుంది తమ్ముడూ. డబ్బులు దండగ.

బురుజు_కర్నూలు: నా ప్రశ్నకు జవాబేది? 0.35.

అనంతక్క: మళ్లీ అదే! అంకె పెరిగేకొద్దీ అలర్జీ ఉండే అవకాశం పెరుగుతుంది, అంతే. రియాక్షన్ ఎంత గట్టిగా వస్తుందో అది చెప్పదు.

బురుజు_కర్నూలు: నాకు చెప్తున్నారా? మావాడికి 0.6. 'తక్కువే, పెట్టండి' అన్నారు ఒక క్లినిక్‌లో. పెళ్లి బిర్యానీలో అర గుడ్డు తిన్నాడు. పది నిమిషాల్లో పెదాలు వాచి, గొంతు బొంగురుపోయింది. ఆటోలో వాణ్ని ఒళ్లో పెట్టుకుని ఆస్పత్రికి పోయేదాకా నేనెట్లున్నానో మీకేం తెలుసు?

అనంతక్క: నేను చెప్పేదీ అదే కదా, అంకెను నమ్ముకోవద్దని! ఇట్లాంటి రిపోర్టు చూసే మావాడికి మూడేళ్లు గుడ్డు పెట్టలేదు. అంగన్‌వాడీలో అందరి పళ్లెంలో గుడ్డు, వాడికి ఒట్టి అన్నం. కడుపుతో ఉన్నప్పుడు నేనేం తిన్నానో అని మా అత్త సాధింపు వేరే. చివరికి ఆస్పత్రిలో డాక్టరు ఎదుట కొంచెం కొంచెం తినిపించి చూస్తే ఏమీ కాలేదు.

బురుజు_కర్నూలు: మీవాడికి గుడ్డు పోయింది. నాకు పిల్లోడే పోయేవాడక్కా.

అనంతక్క: రియాక్షన్ వచ్చిన పిల్లాడికి ఇంట్లో పెట్టి చూడమని నేనెక్కడ అన్నాను?

కడపమ్మాయి: పొద్దున కూడా దోసె తినింది. మాన్పించకుండా, రిపోర్టుతో పాటు ఈ మాట కూడా డాక్టరుకు చెప్తా. అన్నా, మీ బాబు ఇప్పుడెట్లున్నాడు?

బురుజు_కర్నూలు: బాగున్నాడమ్మా. గుడ్డు వేసి కాల్చిన కేకు తింటాడు, అదీ ఆస్పత్రిలో పెట్టి చూశాకే. పక్కింట్లో ఆమ్లెట్ వాసనొస్తే మాత్రం వాడెక్కడున్నాడో ఒకసారి చూసుకుంటా.