ఫుల్ ఇంగ్లిష్‌ని ‘అల్పాహారం’ అనొచ్చా? హాల్బర్డ్‌ని ఏమనాలి?

ప్రశ్న అడిగినామె:
అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండులో, లీడ్స్‌లో ఉంటాను. ఇక్కడి రాయల్ ఆర్మరీస్ మ్యూజియం మీద తెలుగులో ఒక యాత్రావ్యాసం రాస్తూ రెండు చోట్ల ఆగిపోయాను. పొద్దున చిన్న కేఫ్‌లో తిన్న ఫుల్ ఇంగ్లిష్ బ్రేక్‌ఫాస్ట్ మొదటిది. వేయించిన గుడ్లు, బేకన్, సాసేజీలు, సగానికి కోసి వేయించిన టమాటా, పుట్టగొడుగులు, టమాటా సాస్‌లో బీన్స్, బ్లాక్ పుడింగ్, టోస్టు, పక్కన పాలు పోసిన టీ. దీనికి ‘ఆంగ్ల అల్పాహారం’ అని రాసి, నాకే నవ్వొచ్చింది. రెండోది మ్యూజియంలోని పొడుగు కర్రల ఆయుధాలు. నిఘంటువు తీస్తే కుంతం, తోమరం, భిండివాలం వచ్చాయి. వాటిలో హాల్బర్డ్ ఏదో, బిల్ ఏదో, పోలాక్స్ ఏదో తేలడం లేదు.

ఒక సభ్యుడు:
అక్కా, ఆ ప్లేటు తిన్నవాడికి మధ్యాహ్నం అన్నం అక్కర్లేదు. అందులో అల్పం ఎక్కడుంది? ‘ఉపాహారం’ అన్నా అంతే. మాట విడగొట్టి చూస్తే బ్రేక్‌ఫాస్ట్ అంటే ఉపవాసం విడవడం, దానికి మన దగ్గర ‘పారణ’ ఉంది. కానీ ద్వాదశి పారణ పక్కన బేకన్ పెట్టారంటే మీ వ్యాసం ఎవరూ చదవరు, తిట్లు మాత్రం అందరూ రాస్తారు.

‘టిఫిన్’ కూడా ఇక్కడ కుదరదు. అది ఇంగ్లిష్ వాళ్ళు మన దేశంలో ఉండగా వాడుకలోకి తెచ్చిన మాట, అప్పట్లో మధ్యాహ్నం పూట తేలిగ్గా తినేదానికి. మనం దాన్ని పొద్దుటికి జరిపి ఇడ్లీకి కట్టేశాం. పైగా టిఫిన్ అనగానే చట్నీ గుర్తొస్తుంది.

నా ఓటు ‘ఫుల్ ఇంగ్లిష్’ అనే ఉంచెయ్యడానికే. వాళ్ళే చివర్లో బ్రేక్‌ఫాస్ట్ అనకుండా వదిలేస్తారు. ‘ఫుల్ మీల్స్’ బోర్డు చూసి పెరిగిన మనకి ఆ ‘ఫుల్’ వెంటనే అర్థమవుతుంది. వాళ్ళు ముద్దుగా ‘ఫ్రై-అప్’ అంటారు కదా, దానికి మాత్రం ‘వేపుళ్ళ పళ్ళెం’ అని ఒకసారి రాసి చూడండి.

కరీంనగర్ నుంచి ఇంకొకరు:
బ్లాక్ పుడింగ్‌కి కొత్త మాట ఎందుకు అక్కా? పంది నెత్తురులో ఓట్స్, కొవ్వు కలిపి పేగులో కూరి ఉడికించి, ముక్కలు కోసి వేయిస్తారు, అంతే కదా. మా దగ్గర మేక నెత్తురు కూరని ‘నల్ల’ అంటాం. ఆదివారం పొద్దున మటన్ కొట్టు దగ్గర అడిగితే ఇస్తారు. వాళ్ళూ దాన్ని నల్లదనే అన్నారు, మనమూ నల్లే అన్నాం. పంది, మేక తేడా ఒక్క వాక్యంలో చెప్పేస్తే చాలు.

ప్రశ్న అడిగినామె:
తమ్ముడూ, ఇది మాత్రం తప్పకుండా వాడతాను. ‘రక్త పుడింగ్’ అని రాయబోయాను, పుడింగ్ అంటే మనవాళ్ళు క్యారమెల్ అనుకుంటారని భయపడ్డాను.

తెలుగు మాస్టారు:
అమ్మా, ఆయుధాల సంగతికి వస్తాను. భిండివాలాన్ని పక్కన పెట్టండి. అదేమిటో వ్యాఖ్యాతలే తలా ఒక మాట చెప్పారు. తెలియని ఇంగ్లిష్ మాటకి తెలియని సంస్కృతం మాట పెడితే పాఠకుడికి రెండు చీకట్లు. సేద్యం మాటల్లో వెతకండి.

ముందు భాగాల పేర్లు చూద్దాం. గొడ్డలి కర్రని ‘కామ’ అంటాం. ఇనుప మొనని ‘అలుగు’ అంటాం. రోకలి చివర తొడిగే ఇనుప కట్టు ‘పొన్ను’. ఈ మూడు మాటలుంటే మ్యూజియం గదిలో సగం పని అయిపోతుంది.

ఇంగ్లిష్ ‘బిల్’ పుట్టింది పొలంలోనే. కంచెలు నరికే బిల్‌హుక్, అంటే మన మచ్చుకత్తి, దాన్ని పొడుగు కర్రకి బిగించారు. మామిడికాయలు కోసే దోటిని గుర్తు చేసుకోండి. దోటికి బలిసిన కత్తి, పైన ఒక మొన, వెనక ఒక ముల్లు పెడితే బిల్ అవుతుంది. 1513లో ఇంగ్లండుతో ఫ్లాడెన్ యుద్ధంలో స్కాట్లండు సేన పైకులతో, అంటే పదిహేను అడుగులు దాటిన ఈటెలతో దిగింది. వాలు నేలలో, బురదలో వాళ్ళ వరస చెదిరింది. దగ్గరికి వచ్చాక అంత పొడుగు ఈటె తిప్పడం ఎవరి తరం? ఇంగ్లిష్ వాళ్ళ బిల్లులు వాళ్ళని నరికేశాయి, స్కాట్లండు రాజు నాలుగో జేమ్స్ కూడా అక్కడే పోయాడు. ‘దోటికత్తి’ అంటే ఏమంటారు? పైక్‌కి మాత్రం ‘బారు ఈటె’ చాలు.

హాల్బర్డ్ జర్మన్ మాట. మొదటి ముక్కకి కామ అని, రెండో ముక్కకి గొడ్డలి అని సాధారణంగా అర్థం చెబుతారు. అంటే ‘కామగొడ్డలి’.

మొదటి సభ్యుడు:
మాస్టారూ, ‘కామగొడ్డలి’ అంటే ఇంకేదో అనుకుని నవ్వుతారండీ!

తెలుగు మాస్టారు:
నవ్వేవాళ్ళు గొడ్డలి పట్టనివాళ్ళు. సరే, ‘పొడుగు కామ గొడ్డలి’ అనండి.

ప్రశ్న అడిగినామె:
అయితే పోలాక్స్‌కి కూడా అదే అనాలా? ‘పోల్’ అంటే కర్ర కదా, ‘కర్రగొడ్డలి’ అని రాసుకున్నాను.

తెలుగు మాస్టారు:
అక్కడే పప్పులో కాలేశారు. ఆ ‘పోల్’ కర్ర కాదమ్మా, తల. పాత ఇంగ్లిష్ రాతల్లో ‘పొల్లాక్స్’ అనే ఉంటుంది. ‘పోల్ టాక్స్’ అంటే తలపన్ను, ‘పోలింగ్’ అంటే తలలు లెక్కపెట్టడం, అదే మాట. పొడుగు కర్ర కనిపిస్తోంది కాబట్టి తర్వాతివాళ్ళు ‘పోల్’ని కర్ర చేసేశారు. మ్యూజియంలో చూసే ఉంటారు, గొడ్డలి వెనక సుత్తి ఉంటుంది, కవచం తొడిగినవాణ్ణి మోదడానికి. కర్ర తెగకుండా రెండు పక్కలా ఇనుప పట్టీలు దింపి ఉంటాయి. ‘సుత్తిగొడ్డలి’ అనండి, చూసినవాళ్ళకి సరిపోతుంది.

ప్రశ్న అడిగినామె:
అయ్యో, అచ్చుకి వెళ్ళేముందే అడగడం మంచిదైంది. చివరగా ఒక్కటి. లండన్ టవర్ దగ్గర పార్టిజన్ అనే వెడల్పు అలుగు ఈటెలు పట్టుకుని నిలబడే ‘బీఫ్‌ఈటర్లు’ నా వ్యాసంలో ఒక వాక్యంలో వస్తారు. ‘గొడ్డుమాంసం తినేవాళ్ళు’ అని రాస్తే అర్థం పాడవుతుందేమో!

తెలుగు మాస్టారు:
నాకు ఈ చర్చలో అన్నిటికంటే నచ్చిన మాట ఇదే. 1485లో బాస్వర్త్ యుద్ధం గెలిచిన ఏడో హెన్రీ తన కాపలాకి ‘యోమన్’ అనే బంట్ల దళాన్ని పెట్టుకున్నాడు. ఆ యుద్ధంలోనే పోయిన అప్పటి రాజు మూడో రిచర్డ్ ఎముకలు 2012లో లెస్టర్‌లో కార్ పార్కింగ్ కింద దొరికాయి. పుర్రె అడుగున ఉన్న పెద్ద దెబ్బ హాల్బర్డ్ లాంటిదాని వల్లే కావచ్చని పరీక్షించినవాళ్ళు అన్నారు. హెన్రీ పెట్టిన ఆ దళం పేరే టవర్ కాపలాదార్లకీ అంటుకుంది. వాళ్ళకి దర్బారులో రోజూ మాంసం వాటా ఉండేది కాబట్టి ‘బీఫ్‌ఈటర్లు’ అనే పేరు వచ్చిందని ఎక్కువమంది చెప్పే మాట.

ఇంగ్లిష్‌లో ఈ ఆలోచన ఇంకా పాతది. ‘లార్డ్’ అనే మాట మొదట ‘హ్లాఫ్‌వెయర్డ్’, అంటే రొట్టెని కాపాడేవాడు. అతని ఇంట్లో బతికే పనివాడు ‘రొట్టె తినేవాడు’. మనం ‘ఆయన ఉప్పు తిన్నాం’ అంటాం కదా! సైనికుడి రోజు ఖర్చుకి ‘బత్తెం’ అన్నామంటే మొదట తిండి ఆలోచనే. దీనికి చుట్టమైన మాటే ‘బట్టా’గా కంపెనీ సైన్యంలోకి వెళ్ళింది. క్లైవ్ దాన్ని తగ్గించబోతే 1766లో బెంగాల్లో ఇంగ్లిష్ అధికారులే తిరగబడ్డారు. ‘బత్తెపు బంట్లు’ అనండి.

కరీంనగర్ సభ్యుడు:
మాస్టారూ, బాగుంది కానీ మాంసం ఎగిరిపోయింది.

ప్రశ్న అడిగినామె:
‘మాంసం బత్తెపు బంట్లు’ అని రాసుకున్నాను. పలకడానికి కష్టంగా ఉంటే పక్కన ‘బీఫ్‌ఈటర్లు’ అని కూడా ఉంచేస్తా.