భీమిలి దాకా కెరటాల్లో తిప్పడానికి: పాత డీప్ వీ మేలా, కొత్త స్టెప్ హల్ మేలా?

డైవ్_తమ్ముడు
అన్నలూ, రెండు బోట్లు చూసి వచ్చాను. ఒకటి పాత 23 అడుగుల డీప్ వీ (అడుగు భాగం లోతైన V ఆకారంలో ఉండేది), వెనక ఆ V వాలు 24 డిగ్రీలు, స్టెర్న్‌డ్రైవ్ ఇంజను (ఇంజను లోపల, ప్రొపెల్లర్ ఉన్న కాలు బయట). రెండోది 28 అడుగుల స్టెప్ హల్ (హల్ అంటే బోటు ఒళ్లు, దీని అడుగున మెట్టు ఉంటుంది), వెనక 22 డిగ్రీలు, రెండు అవుట్‌బోర్డులు (బయట తగిలించే ఇంజన్లు). ఆరుగురు డైవర్లు, 12 సిలిండర్లు. విశాఖ ఫిషింగ్ హార్బరు నుంచి భీమిలి దాకా, సుమారు 25 కిలోమీటర్లు. నైరుతి రోజుల్లో కూడా వీలు చూసుకుని తిప్పాలి. ఏది తీసుకోమంటారు?

కెరటం24
పాతదే. ఇందులో ఆలోచించడానికేం లేదు.

జనం సిగరెట్ అనీ ఫౌంటెన్ అనీ స్పీడుబోటు బ్రాండు పేర్ల వెంట పడతారు. అమెరికాలో డాన్ ఆరనౌ సిగరెట్ కంపెనీ పెట్టింది 1969లో. అంతకుముందే ఫార్ములా, డాంజీ, మాగ్నమ్ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి అమ్మేశాడు. ఆ రోజుల ఫార్ములా 233, మాగ్నమ్ 27 ఇవాళ ఎవరి నోటా వినపడవు. వీటన్నిటికీ తాత, డిజైనరు రే హంట్ గీసిన డీప్ వీ అడుగు భాగం. 1960 మయామీ–నాసౌ రేసు రోజు సముద్రం బాగా రేగి ఉంది. హంట్ హల్ ఉన్న 30 అడుగుల మాపీ అనే బోటు మొదట వచ్చింది. రెండోది 24 అడుగుల బోటు, అదీ హంట్ హల్లే. పెద్ద పెద్ద బోట్లు వెనక మిగిలిపోయాయి.

కారణం చాలా మామూలు. 24 డిగ్రీల వీ కెరటంలోకి దిగుతూ దిగుతూ ఆగుతుంది. 16 డిగ్రీల అడుగు బల్లచెక్క పడ్డట్టు పడుతుంది, ఆ దెబ్బ నేరుగా నడుముకే.

అన్నట్టు, బోటు డిజైనరు సోనీ లెవీ కరాచీలో పుట్టినవాడు, బొంబాయిలో కుటుంబ యార్డులో పడవలు కట్టినవాడు. ఆయన గీసిన సర్‌ఫ్యూరీ అనే బోటు 1967లో ఇంగ్లండులో కౌస్–టార్కీ రేసు గెలిచింది. మనవాళ్లకు ఆ పేరే తెలీదు.

జాలారిపేట_గాలి
మా వాళ్లు చిన్న మోటారు తగిలించుకుని ఫైబర్ బోటులో ఏడాదంతా వెళ్లొస్తున్నారు. ఈ డిగ్రీల గోల ఏటి బాబూ?

ట్రిమ్‌ట్యాబ్
చరిత్ర బాగుంది గురూ. కానీ తమ్ముడు అడిగింది రేసు గురించి కాదు.

స్టెప్ అంటే అడుగున అడ్డంగా పెట్టిన మెట్టు. బోటు స్పీడు అందుకోగానే మెట్టు వెనక ఒత్తిడి పడిపోయి, పక్కల్లో ఉన్న కన్నాల్లోంచి గాలిని పీల్చుకుంటుంది. అక్కడ నీళ్లకు బదులు గాలి ఉంటుంది కాబట్టి రాపిడి తగ్గుతుంది. అదే పెట్రోలుకి ఎక్కువ దూరం. పైగా 28 అడుగులు. కెరటాల్లో డిగ్రీల కన్నా పొడవే పెద్ద మందు. కోస్ట్ గార్డు ఇంటర్‌సెప్టర్ బోట్లు 45 నాట్లు (గంటకి సుమారు 83 కిలోమీటర్లు) పోతాయంటే వాటి పొడవు 27 మీటర్లు దాటి ఉంది మరి.

కెరటం24
ఆ కన్నం ఒక పక్క మూసుకుపోతే? భీమిలికి పోయేటప్పుడు నైరుతి కెరటం వెనక నుంచి ఏటవాలుగా తోస్తుంది. బోటు ఒరిగి కన్నం మునిగిందంటే గాలి ఆగింది, నీళ్లు పట్టుకున్నాయి, ఆ పక్క బ్రేకు వేసినట్టే. వెనక భాగం గిర్రున తిరిగి మనుషులు నీళ్లలో ఉంటారు. పాత డీప్ వీ ఈ పని చెయ్యదు.

ట్రిమ్‌ట్యాబ్
అది నడిపేవాడి తప్పు. స్టెప్ హల్‌ని తిప్పే ముందే స్పీడు తగ్గించాలి. మలుపు మధ్యలో థ్రాటిల్ ఒక్కసారిగా లాగెయ్యకూడదు. ముఖ్యంగా డ్రైవుని (ప్రొపెల్లర్ ఉన్న కాలుని) పూర్తిగా లోపలికి ట్రిమ్ చేసి, అంటే వంచి, ముక్కు దించి తిప్పకూడదు. అలా చేస్తే బరువంతా ముందు మెట్టు మీదకి పోయి వెనక పట్టు వదిలేస్తుంది. గిర్రున తిరిగే బోట్లు ఎక్కువగా డీప్ వీ అలవాటు పడ్డ చేతుల్లోనే తిరుగుతాయి, చూసుకోండి.

పాత బోట్ల సంగతి కూడా చెప్తాను. పైన మెరిసే జెల్‌కోట్ కొట్టి, లోపల కుళ్లిన ట్రాన్సమ్ (బోటు వెనక గోడ) అంటగట్టిన అమ్మకందారు ఒకడున్నాడు. పేరు ఎందుకులెండి. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు.

కెరటం24
ఒకడు మోసం చేస్తే హంట్ హల్‌ది తప్పా?

లెక్కల_మాస్టారు
ఇద్దరూ డిగ్రీలూ మెట్లూ అంటున్నారు, స్పీడు సంగతి ఎవరూ ఎత్తట్లేదు. భీమిలి నుంచి తిరిగొచ్చేటప్పుడు కెరటం ఎదురు. 5 సెకన్లకో శిఖరం వచ్చే గాలి కెరటం అనుకోండి. 1.56ని 5 వర్గంతో గుణిస్తే ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి 39 మీటర్లు. కెరటం నడక సెకనుకి 7.8 మీటర్లు. బోటు 30 నాట్లంటే 15.4. రెండూ ఎదురెదురు కాబట్టి 23.2. అంటే 1.7 సెకన్లకో దెబ్బ. 20 నాట్లయితే 2.2 సెకన్లకి ఒకటి. 25 కిలోమీటర్లకీ కలిపితే 30 నాట్లలో సుమారు 970 దెబ్బలు, 20 నాట్లలో 1,130.

కెరటం24
మాస్టారూ, మీ నోటితోనే వచ్చింది. 30లోనే దెబ్బలు తక్కువ!

లెక్కల_మాస్టారు
సంఖ్య తక్కువ బాబూ. బలం? నీళ్లను కొట్టే వేగం రెట్టింపైతే అడుగు మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. 1,130 చిన్న దెబ్బలు నడుం ఓర్చుకుంటుంది. 970 పెద్దవాటిలో ఒక్కటి చాలు.

కెరటం24
970, 1,130 కన్నా తక్కువా కాదా? అంతే నేనడిగింది.

యారాడ_కొండ
ఆ 1.56 సూత్రం లోతు నీళ్లకే చెల్లుతుంది. రుషికొండ ఎదుట 20 మీటర్ల లోతులో 10 సెకన్ల స్వెల్ (దూరం నుంచి వచ్చే పొడుగు కెరటం) 156 మీటర్లు ఉండదు, 121 ఉంటుంది.

లెక్కల_మాస్టారు
నేను చెప్పింది 5 సెకన్లది. దాని పొడవులో సగం 20 మీటర్లే, సూత్రం చెల్లుతుంది. కానీ మీరు మంచి సంగతి ఎత్తారు. అదే 10 సెకన్ల స్వెల్ ఆ లోతులో సుమారు 24 నాట్ల నడక నడుస్తుంది. పోయేటప్పుడు మీ బోటు కూడా 22–25 మధ్య ఉంటే కెరటంతో సమానంగా పోతూ దాని ముందు వాలు మీదే ఇరుక్కుంటారు. ముక్కు ముందు కెరటం వీపులో గుచ్చుకుంటుంది. అక్కడ ట్యాబులు (బోటు వెనక అంచున ఉండే ట్రిమ్ పలకలు) పూర్తిగా పైకెత్తి, డ్రైవు బయటికి ట్రిమ్ చేసి, ముక్కు పైకి పెట్టి, ముందున్న కెరటం వీపు మీదే ఉండాలి, దాటకూడదు. తిరుగు ప్రయాణంలో దీనికి సరిగ్గా ఉల్టా: ట్యాబులు కొంచెం దించి, ముందున్న పదునైన వీ కెరటాన్ని కోసేలా చెయ్యాలి.

జాలారిపేట_గాలి
డాల్ఫిన్స్ నోస్ కిందకీ బ్రేక్‌వాటర్ దగ్గరకీ పోకండి. రాతికి కొట్టుకుని తిరిగొచ్చిన కెరటం, వచ్చే కెరటం కలిసి నీళ్లు కుండలో ఉడికినట్టుంటాయి. అక్కడ ఏ లెక్కా పనిచెయ్యదు.

కెరటం24
ఎక్సెల్ షీటులో బోటు నడిపేవాళ్లకి ఒక మాట. 30 నాట్లలో పోవాలంటే కాళ్లు వంచి నిలబడాలి, ఒక చెయ్యి ఎప్పుడూ థ్రాటిల్ మీద. ప్రొపెల్లర్ నీళ్లు వదిలిందని ఇంజను శబ్దం చెప్పగానే తగ్గించాలి, నీళ్లు పట్టుకున్నాక మళ్లీ ఇవ్వాలి. ఇవ్వాల్సిన క్షణం కన్నా ముందే ఇస్తే ఇంజనునీ డ్రైవునీ కలిపే కప్లర్ పళ్లు, డ్రైవు గేర్లు పోతాయి. ఈ పని వచ్చినవాడికి 23 అడుగుల డీప్ వీ చాలు. రానివాడు 40 అడుగులు కొన్నా ఒకటే.

లెక్కల_మాస్టారు
అదీ. ఇన్ని పోస్టుల తర్వాత అసలు మాట బయటపడింది. మీరు చెప్పేది బోటు గురించి కాదు, మీ చేతి గురించి. ఆ చెయ్యి థ్రాటిల్ మీద ఉంది కాబట్టి మీకు దెబ్బ ముందే తెలుసు. ముందు సీటులో కూర్చున్న డైవరుకి తెలీదు. దెబ్బ ఎప్పుడూ ముక్కు వైపే ఎక్కువ, వెనక తక్కువ. వెన్ను విరిగేది వాడిదే.

కెరటం24
డైవర్లని ముందు కూర్చోబెట్టమని ఎవరన్నారు?

ట్రిమ్‌ట్యాబ్
23 అడుగుల్లో ఇంకెక్కడ కూర్చోబెడతారు మహాశయా? లెక్క వెయ్యండి. ఆరుగురు 480 కిలోలు. సిలిండరు ఒక్కోటి 16–17, పన్నెండుకి 200. బెల్టు బరువులూ సామానూ ఇంకో 60. దగ్గరదగ్గర 740 కిలోలు. ఇంజను వెనకంతా తినేసింది. బరువు ముందుకి పోతే మీ 24 డిగ్రీలకి ముక్కు లేవదు. ఇంకో సంగతి, డీప్ వీ ఆగి ఉన్నప్పుడు పక్కలకి ఊగుతుంది. డైవ్ బోటు రోజులో ఎక్కువసేపు ఆగే ఉంటుంది. వాంతి చేసుకునేవాడు మాపీ 1960లో గెలిచిందా అని అడగడు.

కెరటం24
సరే, ఊగుతుంది. ఒప్పుకుంటా. గెలుపు మాత్రం గెలుపే.

ఫైబర్_మేస్త్రి
మీ తగువు కానివ్వండి. తమ్ముడూ, ఆ పాత బోటు నీళ్లలో కట్టి ఉందా, ట్రైలర్ మీద ఉందా? స్టెర్న్‌డ్రైవ్‌ని మన వెచ్చటి నీళ్లలో నెలల తరబడి వదిలేస్తే బెల్లోస్ (డ్రైవు దగ్గర నీళ్లు రాకుండా ఆపే మడతల రబ్బరు గొట్టం) మడతల్లో గుల్లలు పెరిగి రబ్బరు కోసేస్తాయి. ఆ రబ్బరు పోతే నీళ్లు నేరుగా లోపలికే. అవుట్‌బోర్డుని నీళ్లలోంచి పూర్తిగా పైకెత్తి ఉంచొచ్చు, దీన్ని అలా కుదరదు. ఇంజను పొగ బయటికి పోయే మానిఫోల్డులు, రైజర్లు ఎప్పుడు మార్చారో అడుగు. ఉప్పునీళ్లు లోపల తిరిగే ఇంజనైతే అవి అయిదేళ్లు దాటాయంటే నమ్మకు.

తర్వాత ట్రాన్సమ్. ప్లాస్టిక్ సుత్తితో పై నుంచి కిందికి కొట్టుకుంటూ రా. టక్ మంటే మంచిది, డబ్ మంటే లోపల ప్లైవుడ్ కుళ్లింది.

డైవ్_తమ్ముడు
ట్రైలర్ మీదే ఉంది అన్నా. సుత్తితో కొట్టాను. కింద రెండు చోట్ల శబ్దం తేడాగా ఉంది. లోపలి నుంచి 3 మి.మీ. కన్నం పెట్టి పొట్టు చూస్తానంటే ఓనరు ససేమిరా అన్నాడు.

ఫైబర్_మేస్త్రి
కన్నం అక్కర్లేదు. ట్రిమ్ ట్యాబు కింద వరస స్క్రూ ఒకటి విప్పి చూడు. చూశాక సీలెంట్ పెట్టి బిగించెయ్యి. దీనికి ఎవరూ కాదనరు.

డైవ్_తమ్ముడు
విప్పాను. టీ రంగు నీళ్లు కారాయి. ఎంతకీ ఆగలేదు. స్టెప్ హల్ వాడికే ఫోన్ చేస్తున్నా.

కెరటం24
పాతది ఎంతకి ఇస్తానంటున్నాడు?