బెల్లోస్ పైదాకా లేవడం లేదు, లీక్ ఎక్కడుంటుంది?

ఓటీ టెక్నీషియన్, రాజాం: మాది చిన్న నర్సింగ్ హోమ్, మత్తిచ్చే (అనస్థీషియా) మెషిన్ పాతది. వెంటిలేటర్ మీద పెట్టిన కాసేపటికి బెల్లోస్ (శ్వాసతో లేచి దిగే మడతల రబ్బరు తిత్తి) సగం వరకే లేచి ఆగిపోతోంది. ఫ్రెష్ గ్యాస్ (మెషిన్ కొత్తగా పంపే గ్యాస్) నిమిషానికి 4 లీటర్లకి పెంచితే మళ్లీ పైకొస్తోంది. చేత్తో నొక్కే బ్యాగ్ మీద ఏ తేడా లేదు. ఏటి చూడాలన్నా?

పలాస అన్న: ముందు సోడాలైమ్ (కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చే మందు) డబ్బా విప్పి చూడు తమ్ముడూ. పౌడర్ మార్చినప్పుడు ఒక్క గింజ రబ్బర్ వాషర్ మీద ఉండిపోయినా చాలు, గాలి పోతూనే ఉంటాది.

పీజీ, విజయనగరం: డబ్బా దారి బ్యాగ్‌కీ వెంటిలేటర్‌కీ ఒక్కటే కదండీ. కాకపోతే చిన్న లీక్ చేతికి తెలీదు. ఏపీఎల్ వాల్వ్ (బ్యాగ్ వైపు ఎక్కువైన ప్రెషర్‌ని వదిలేది) మూసి, వై పీస్ (పేషెంట్ వైపు గొట్టాలు కలిసే చోటు) మూసి, 30 సెంటీమీటర్ల నీటి ప్రెషర్‌కి నింపి 10 సెకన్లు చూడండి.

ఓటీ టెక్నీషియన్, రాజాం: చూశాను మేడమ్. ముల్లు కదల్లేదు.

బయోమెడికల్, శ్రీకాకుళం: అయితే వెంటిలేటర్ వైపే. ఆ టెస్ట్ బ్యాగ్ మోడ్‌లో చేశారు కాబట్టి బెల్లోస్ దాకా పోనే లేదు. స్విచ్ వెంటిలేటర్ వైపు తిప్పి, వెంటిలేటర్ ఆఫ్‌లోనే ఉంచి, వై పీస్ మూసి, ఫ్లష్‌తో (ఒక్కసారిగా ఆక్సిజన్ వదిలే బటన్) బెల్లోస్ నిండా లేపి, గ్యాస్ అంతా ఆపేయండి. అలాగే నిలబడాలి. మెల్లగా దిగుతుంటే గొట్టం, బెల్లోస్ అడుగు రింగు, స్పిల్ వాల్వ్ (మిగిలిన గ్యాస్‌ని బయటికి వదిలేది), ఆఖరున రబ్బరు మడతలు చూడండి, వేళ్లతో సాగదీసి లైట్‌కి ఎదురుగా పట్టుకుంటే చిరుగు కనబడుతుంది.

చిరుగుంటే మాత్రం ప్లాస్టర్ అంటించి నెట్టుకురాకండి. బెల్లోస్ బయట, అద్దాల డబ్బాలో ఉన్నది దాన్ని నొక్కే డ్రైవింగ్ గ్యాస్, లోపలున్నది పేషెంట్ గ్యాస్, ఈ రెండూ కలవకూడదు. కలిస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్లే వాల్యూమ్, ప్రెషర్ పెరిగిపోవచ్చు, మత్తు పల్చబడుతుంది, డ్రైవింగ్ గ్యాస్ ఎయిర్ అయితే ఆక్సిజన్ శాతం కూడా పడిపోతుంది.

పీజీ, విజయనగరం: ఫ్లో పెంచితే సరిపోతుందనుకోవడం కూడా ప్రమాదమేనండీ. పాత మెషిన్లలో శ్వాస లోపలికి వెళ్తున్నంతసేపూ ఫ్రెష్ గ్యాస్ దానికి కలుస్తూనే ఉంటుంది. రేటు నిమిషానికి 10 శ్వాసలు, ఐఈ (శ్వాస లోపలికి, బయటికి పట్టే టైమ్ నిష్పత్తి) 1:2 అంటే ఇన్‌స్పిరేషన్ 2 సెకన్లు, నిమిషానికి 4 లీటర్ల ఫ్లోకి ఒక్కో శ్వాసలో దాదాపు 130 ఎంఎల్ అదనం. పెద్దవాళ్లు తట్టుకుంటారేమో గానీ పది కిలోల పిల్లాడికి అది చాలా ఎక్కువ. శ్వాస లోపలికి వెళ్తున్నప్పుడు ఫ్లష్ నొక్కడం ఇంకా డేంజర్.

పలాస అన్న: మీది కింద నుంచి పైకి లేచే రకం కాబట్టి లీక్ కళ్లకి కనబడింది. వేలాడే రకంలో గొట్టం ఊడిపోయినా బరువుకి కిందికి దిగుతూ, అంతా బాగున్నట్టే ఆడతాది.

స్టాఫ్ నర్సు, బొబ్బిలి: కొత్త పిస్టన్ మెషిన్లలో ఈ బాధ ఉండదంటున్నారు, నిజమేనా?

బయోమెడికల్, శ్రీకాకుళం: పిస్టన్‌ని మోటారే తోస్తుంది, డ్రైవింగ్ గ్యాస్ అక్కర్లేదు. కాకపోతే పిస్టన్ లోపల దాగి ఉంటుంది, లీకైనా ఇలా కళ్లకి కనబడదు. బ్యాగ్‌నీ అలారాన్నీ నమ్ముకోవాలి.

పలాస అన్న: సిలిండర్ దగ్గర మాత్రం పిస్టనే మేలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, అలాంటప్పుడు ఉన్న సిలిండర్ ఎంతసేపొస్తాదో ఈ లెక్క తెలియాలి. బెల్లోస్‌ని ఆక్సిజన్‌తో ఆడిస్తే మినిట్ వాల్యూమ్ (నిమిషంలో పేషెంట్ పీల్చే మొత్తం) ఎంతో దాదాపు అంత గ్యాస్ ఉత్తినే పోతాది. 1500 లీటర్ల బి టైప్ సిలిండర్, నిమిషానికి పేషెంట్‌కి 2 లీటర్లు, డ్రైవింగ్‌కి 5 అనుకుంటే మూడున్నర గంటలు. అదే బ్యాగ్ చేత్తో నొక్కితే 12 గంటలు పైనే వస్తాది, చెయ్యి నొప్పెడతాదనుకో.

ఓటీ టెక్నీషియన్, రాజాం: అడుగు రింగు దగ్గర మడత చిరిగింది. కొత్త బెల్లోస్‌కి చెప్పాం, వచ్చేదాకా కేసులు బ్యాగ్ మీదే.

బయోమెడికల్, శ్రీకాకుళం: రబ్బరుతో పాటు ఆ రింగు కూడా తెప్పించండి. బిగించాక ఇదే టెస్ట్ మళ్లీ చేశాకే కేసుకి వాడండి.