చర్చ: యార్క్‌కి నిజంగా ఓటు ఇచ్చారా, లేక ఊరికే అడిగారా?

గట్టుమీద కొంగ:
పసిఫిక్ తీరం దాకా దారి వెతకమని 1804లో అమెరికా ప్రభుత్వం పంపిన లూయిస్, క్లార్క్ యాత్ర గురించి ఎక్కడ చదివినా ఒక ముక్క తప్పకుండా తగులుతోంది. 1805 నవంబర్ 24న, కొలంబియా నది సముద్రంలో కలిసే చోట, చలికాలం ఎక్కడ గడపాలని కెప్టెన్లిద్దరూ తమ జట్టును అడిగారు. క్లార్క్ బానిస యార్క్‌నీ అడిగారు, షోషోనీ తెగ అమ్మాయి సకాగవియానీ అడిగారు. అమెరికాలో ఒక బానిస వేసిన మొదటి ఓటు అదేనని కొందరు పండగ చేసుకుంటున్నారు. నాకైతే అతిగా ఉంది. మీరేమంటారు?

పాతపటాలు:
అతి ఏముందండీ? క్లార్క్ తన దినచర్యలో ఒక్కొక్కరి పేరూ రాసి, పక్కన ఎవరు ఎటు మొగ్గారో రాశాడు. యార్క్ పేరు ఆ జాబితాలోనే ఉంది. అప్పటి పరిస్థితి చూడండి. ఒకటే వాన, ఒంటిమీద తోలుబట్టలు కుళ్లిపోతున్నాయి. దక్షిణపు ఒడ్డున ఎల్క్ జింకలు బాగా దొరుకుతాయని అక్కడి జనం చెప్పారు. ఎక్కువమంది ముందు అటు వెళ్లి చూద్దామన్నారు, అటే దాటి చలికాలం గడపడానికి ఫోర్ట్ క్లాట్సాప్ అనే కోట కట్టుకున్నారు. సకాగవియా దుంపలు దండిగా దొరికే చోటు కావాలంది, అదీ రాశాడు. ఆ రోజుల్లో కెంటకీలో ఏ యజమాని అయినా బానిసను అలా అడిగి, జవాబు కాగితం మీద పెట్టేవాడా?

గట్టుమీద కొంగ:
అడగడం వేరు, హక్కు వేరు సార్. 1804 ఆగస్టు 20న సార్జంట్ ఫ్లాయిడ్ చనిపోయాక కొత్త సార్జంట్ కోసం జట్టులో ఓట్లు వేయించారు, పాట్రిక్ గాస్‌కి 19 పడ్డాయి. దాన్ని ఎన్నిక అనండి, ఒప్పుకుంటా. నది దగ్గర జరిగింది, సంబంధం ఖాయం చేసుకొచ్చిన పెద్దాయన ఇంట్లోవాళ్లని "ఏమంటారర్రా?" అని అడిగినట్టు ఉంది. కెప్టెన్లకి నచ్చకపోతే ఆ జాబితా ఏమయ్యేది?

చిన్నోడు_సెయింట్‌లూయిస్:
ఇద్దరూ ఆ ఒక్క రోజు దగ్గరే ఆగిపోయారు. ముందూ వెనకా కూడా చూడండి.

ముందు: ఫ్లాయిడ్ చావుబతుకుల్లో ఉన్నప్పుడు అందరూ చూసుకుంటున్నారనీ, ముఖ్యంగా యార్క్ అనీ క్లార్కే రాశాడు. 1805 జూన్ 29న మిస్సోరీ నది మీది గ్రేట్ ఫాల్స్ జలపాతాల దగ్గర వడగళ్లవాన పడి, క్లార్క్, సకాగవియా, ఆమె భర్త షార్బోనో, చంకలో పిల్లాడు ఉన్న వాగులోకి ఒక్కసారిగా వరద వచ్చింది. బతికి పైకొచ్చేసరికి వీళ్లకేమైందోనని కంగారుగా వెతుకుతూ కనిపించింది యార్కే. చేతిలో తుపాకీ, వేటకు పంపేవారు. జట్టులో అతను ఊరికే సామాన్లు మోసిన మనిషి కాదు.

వెనక: 1806 సెప్టెంబర్‌లో సెయింట్ లూయిస్ చేరారు. సైనికులకు రెట్టింపు జీతం, తలా 320 ఎకరాలు. షార్బోనోకి గుర్రం, గుడారం ఖరీదు కలిపి 500 డాలర్లు దాటింది. యార్క్‌కి సున్నా. సకాగవియాకీ సున్నా.

పాతపటాలు:
తమ్ముడూ, ఆ రోజుల్లో బానిసకు జీతం ఎవరిస్తారు? ప్రభుత్వం ఇచ్చినా అది క్లార్క్ జేబులోకే పోయేది. 1805లో ఉన్న మనిషిని ఇవాళ్టి కళ్లతో కొలిస్తే ఎవరూ మిగలరు. అడవిలో కలిసి తిన్నారు, కలిసి తడిశారు. అక్కడ మాత్రం అతన్ని మనిషిగా లెక్కేశారు, నేను చెప్పేది అంతే.

చిన్నోడు_సెయింట్‌లూయిస్:
జీతం సంగతి వదిలేద్దాం అన్నా. విడుదల చేయడానికి ఎవరు అడ్డం? యజమాని తలుచుకుంటే అప్పట్లోనూ చేయొచ్చు, చేసినవాళ్లూ ఉన్నారు. క్లార్క్ తన అన్న జోనథన్‌కి రాసిన ఉత్తరాలు 1980ల చివర్లో కెంటకీలోని లూయీవిల్‌లో ఒక అటకమీద దొరికాయి. యార్క్ భార్య లూయీవిల్ దగ్గరే ఉండేది. అక్కడే ఉండి కూలికి పని చేసుకుంటానని యార్క్ అడిగాడు. 1808 నవంబర్ ఉత్తరంలో క్లార్క్ కుదరదన్నాడు. పారిపోవాలని చూసినా, బానిసగా పని చేయనన్నా న్యూ ఆర్లీన్స్ పంపి అమ్మేయమన్నాడు, లేదంటే ఎవరైనా కఠినమైన యజమాని దగ్గర పెట్టమన్నాడు. తన సేవలు అంత గొప్పవని యార్క్ అనుకుంటున్నాడు, నేను అనుకోవట్లేదు అని ఇంకో ఉత్తరం. 1809లో బాగా కొట్టానని, ఆ తర్వాత దారికొచ్చాడని మరొకటి. ఇవాళ్టి కళ్లు ఎందుకు, క్లార్క్ చేత్తో రాసినవే చాలవా?

మూడోగట్టు:
కొత్తగా చేరా, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. తర్వాత విడుదల చేశాడనీ, బండి, ఆరు గుర్రాలు ఇచ్చాడనీ చదివానే?

గట్టుమీద కొంగ:
అవునండీ, 1832లో తనను కలవడానికి వచ్చిన రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్‌కి క్లార్క్ చెప్పిన కథ అది. యార్క్ బండి వ్యాపారం దెబ్బతిందట, స్వేచ్ఛను తిట్టుకుంటూ తన దగ్గరికే తిరిగొస్తూ టెనెసీలో కలరాతో పోయాడట. బానిస యజమానులకు ఇంతకంటే నచ్చే కథ ఉంటుందా? యార్క్ తరఫున చెప్పడానికి అతను రాసిన కాగితం ఒక్కటీ లేదు.

పాతపటాలు:
ఆ కథను నేనూ నమ్మను. కానీ ఉత్తరాలూ, ఆ జాబితా రాసింది ఒకే చెయ్యి. ఉత్తరాలు నమ్మి జాబితా తీసిపారేస్తామంటే ఒప్పుకోను.

చిన్నోడు_సెయింట్‌లూయిస్:
తీసిపారేయమని ఎవరన్నారు అన్నా? ఆ జాబితా ఫోటో పెట్టే ప్రతి పోస్టులో 1808 ఉత్తరం కూడా పక్కనే పెట్టమంటున్నా.