మినీ ఎక్స్‌కవేటర్ క్యాబిన్ ఒరిగి వంగింది: టింకరింగ్ చాలా, మొత్తం మార్చాలా?

గట్టుమీది బండి

అందరికీ నమస్కారం. బండి 3.5 టన్నుల మినీ, ఏసీ క్యాబిన్. పంట కాలువలో పూడిక తీస్తుంటే గట్టు జారి ఎడమ పక్కకు పడిపోయింది. ఆపరేటర్ బెల్టు పెట్టుకుని ఉన్నాడు కాబట్టి దెబ్బలేం తగల్లేదు. ఎడమ ముందు స్తంభం పైభాగం లోపలికి వంగింది, రూఫ్ రెండు వేళ్ల మందాన కుడికి జరిగింది. తలుపు పడటం లేదు, ముందు పై అద్దం పోయింది.

జాకీ పెట్టి తోసి, లోపల పట్టీ వెల్డింగ్ చేసి ఇస్తామని టింకరింగ్ వాళ్లు అంటున్నారు. ఇంకోచోట అదే మోడల్‌ది పాత క్యాబిన్ ఒకటి దొరికింది. టింకరింగ్ సరిపోతుందా? మార్చాల్సి వస్తే హైడ్రాలిక్ పైపులన్నీ విప్పాలా, ఏసీ గ్యాస్ పోతుందా? షెడ్డులో ముగ్గురం ఉన్నాం, హైడ్రా క్రేన్ పిలిపించుకోగలం.

పానా 19

ముందు క్యాబిన్ సంగతి పక్కన పెట్టి ఇంజన్ చూడండి. లేపాక స్టార్ట్ చేశారా? చెయ్యకపోతే ఇంకా చెయ్యకండి. పక్కకు పడుకున్న ఇంజన్‌లో ఆయిల్ సిలిండర్లలోకి, ఎయిర్ పైపులోకి చేరుతుంది. ఆయిల్ నొక్కుకుపోదు కాబట్టి సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. గ్లో ప్లగ్గులు, అవి లేని ఇంజన్ అయితే ఇంజెక్టర్లు, విప్పేసి క్రాంక్ పుల్లీ నట్టు పట్టుకుని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. తర్వాత కొద్ది సెకన్లు సెల్ఫ్ కొడితే ఉన్న ఆయిల్ బయటికి చిమ్ముతుంది, ముఖం అడ్డం పెట్టకండి. ఎయిర్ ఫిల్టర్ మార్చి, ఆయిల్, కూలెంట్, బ్యాటరీ యాసిడ్ మట్టాలు చూశాకే స్టార్టింగ్.

ఇక టింకరింగ్. వద్దు. కారు డోరు సొట్ట తీసినట్టు కాదిది. 1 నుంచి 6 టన్నుల మినీలకు పక్కకు పడ్డప్పుడు ఆపరేటర్ నలిగిపోకుండా కాపాడే చట్రానికి ఐఎస్ఓ 12117 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్ష ఉంటుంది. ఆ చట్రాన్ని టాప్స్ (TOPS) అంటారు. ఆ స్తంభాలు నిర్ణీత పద్ధతిలో వంగుతూ దెబ్బ బలాన్ని మింగేలా తయారుచేస్తారు. మీ స్తంభం ఆ పని చేసేసింది. వంగిన చోట ఇనుము సాగిపోయి ఉంటుంది. గ్యాస్ కట్టర్‌తో కాల్చి నిలబెడితే అక్కడ మెత్తబడుతుంది, పట్టీ వేసి వెల్డింగ్ చేస్తే పట్టీ అంచు దగ్గర గట్టిపడి ఈసారి వంగకుండా ఒక్కసారిగా చీలుతుంది. పైకి రంగు వేశాక ఇదేదీ కనపడదు, అదే అసలు ప్రమాదం.

పాత క్యాబిన్ కొనేముందు టేపు పట్టుకెళ్లండి. ముందు అద్దం చట్రానికి ఎదురెదురు మూలల మధ్య రెండు కొలతలూ తీస్తే తేడా 3 మి.మీ. దాటకూడదు. లోపలి లైనింగ్ ఊడదీసి స్తంభాల మొదళ్లు చూడండి. తుప్పు పొరలు లేచినా, గ్రైండింగ్ గీతలు కనిపించినా, లైట్ల కోసమో ఫ్యాన్ కోసమో స్తంభానికి డ్రిల్లింగ్ చేసి ఉన్నా వదిలేయండి. టాప్స్ ప్లేటు క్యాబిన్‌కే ఉండాలి, దాని మీద రాసిన గరిష్ఠ బరువు మీ బండి పని బరువుకు తక్కువ కాకూడదు. మోడల్ పేరు ఒకటైతే చాలదు. సీరియల్ నంబర్ మారినచోట స్విచ్ ప్యానెల్, వైరింగ్ కనెక్టర్లు, బోల్టు రంధ్రాలు మారిపోతుంటాయి. మీ బండి సీరియల్ నంబర్‌తో పార్టు బుక్కులో క్యాబిన్ పార్టు నంబర్ తీసి, ఆ క్యాబిన్ వచ్చిన బండి సీరియల్‌తో పోల్చండి.

చిన్న పొక్లెయిన్

పైపుల సంగతి నేను చెప్తా అన్నా. మీది ఏ రకమో ముందు చూస్కోండి, ఎందుకంటే పని సగానికి సగం తగ్గొచ్చు.

సీటు, రెండు జాయ్‌స్టిక్ బాక్సులు, ట్రావెల్ లివర్లు ఫ్లోర్ ప్లేటు మీద నిలబడి, క్యాబిన్ వాటి మీద గంపలా బోర్లించి ఉంటే ఒక్క హైడ్రాలిక్ పైపు కూడా విప్పే పని లేదు. చుట్టూ బోల్టులు, నాలుగైదు వైర్ కనెక్టర్లు, అద్దం మీద నీళ్లు చల్లే పైపు అంతే. ఫ్లోరుతో సహా క్యాబిన్ మొత్తం రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటే మాత్రం పైలట్ పైపులు, అంటే జాయ్‌స్టిక్ కదలికను మెయిన్ వాల్వుకు చేర్చే సన్న పైపులు, తియ్యాలె. ఒక్కో జాయ్‌స్టిక్‌కు ఆరు: ప్రెజర్ ఒకటి, రిటర్న్ ఒకటి, పనివి నాలుగు. రెండిటికి పన్నెండు. ఫొటోల మీద నమ్మకం పెట్టుకోకండి, నూనె చేతులతో తీసిన ఫొటోలో ఏ పైపు ఏదో తెల్వదు. ప్రతి పైపుకు, అది వచ్చిన పోర్టుకు ఒకే రంగు కేబుల్ టై కట్టండి. విప్పిన వెంటనే రెండు దిక్కులా మూతలు పెట్టండి, గుడ్డ ముక్కలు కుక్కితే పోగులు పోయి పైలట్ వాల్వులో ఇరుక్కుంటయి.

విప్పే ముందు: గట్టి నేల మీద బకెట్, బ్లేడు రెండూ దించండి. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, లాక్ లివర్ (ఎడమ జాయ్‌స్టిక్ బాక్సు దగ్గర ఉండే, లేపితే జాయ్‌స్టిక్‌లు పనిచెయ్యకుండా ఆపేది) కిందికి దించి, రెండు జాయ్‌స్టిక్‌లూ అన్ని దిక్కులా నాలుగైదు సార్లు తిప్పండి. అక్యుమ్యులేటర్‌లో (ప్రెజర్ నిల్వ ఉండే డబ్బా) మిగిలిన ప్రెజర్ అట్ల పోతది. ట్యాంకు మూత నెమ్మదిగా వదులు చేసి, ఆ తర్వాతే బ్యాటరీ నెగటివ్ తియ్యండి. ఈ వరుస తప్పితే లాక్ సోలెనాయిడ్‌కు (కరెంటుతో తెరుచుకునే లాక్ వాల్వు) కరెంటు రాదు, ప్రెజర్ లోపలే ఉండిపోతది.

సీటు, నేల మ్యాటు, ముందు కింది అద్దం తీసేయండి. తలుపు ఊడదీస్తే ఇంకా మంచిది, లేకుంటే బిగించి కట్టండి, గాల్లో తెరుచుకుందంటే బరువు ఆ పక్కకు గుంజుతది. ఈ సైజు క్యాబిన్ 200 నుంచి 300 కిలోల మధ్య ఉంటది. రూఫ్ మీద ప్లగ్గు బోల్టులు తీస్తే లిఫ్టింగ్ రంధ్రాలు దొరుకుతయి. ఎం12 ఐ బోల్టు నిలువుగా 340 కిలోలు మోస్తది కానీ 45 డిగ్రీల వాలులో 240కే పరిమితం. అందుకే నాలుగు పెట్టండి, బెల్టులు పొడుగువి వాడండి. మీది వంగిన రూఫ్ కాబట్టి ఇప్పుడు బండి మీదున్న క్యాబిన్‌కు ఆ రంధ్రాలు నమ్మకండి. తలుపు, కిటికీ చట్రాల్లోంచి బెల్టు దూర్చి లేపండి, దాన్ని ఎట్లాగూ పారేసేదే.

50 మి.మీ. లేపి హైడ్రాను ఆపించండి. చుట్టూ తిరిగి చూడండి. ఎక్కడో ఒక వైరు, ఏదో క్లిప్పు పట్టుకునే ఉంటది. ఎక్కువగా వెనక మూల, ఫ్యూజ్ బాక్స్ దగ్గర. తీసేసిన వంగిన క్యాబిన్ స్క్రాపుకు వెంటనే వెయ్యకండి, వైపర్ మోటారు, గొళ్లేలు, అద్దం పట్టే స్ట్రట్లు, లిమిట్ స్విచ్చులు అన్నీ పనికొస్తయి.

గట్టుమీది బండి

ధన్యవాదాలు అన్నా. చూశాను, గంపలా బోర్లించే రకమే, పైపుల గొడవ తప్పింది. ఇంజన్ కూడా స్టార్ట్ చెయ్యలేదు, రేపు గ్లో ప్లగ్గులు విప్పుతాం. ఒక అనుమానం. వంకర లేని తిన్నని పట్టీ పెట్టి చూస్తే ఫ్లోర్ ప్లేటు ముందు ఎడమ మూల 4 మి.మీ. కిందికి దిగినట్టుంది. వాషర్లు వేసి బిగించేస్తే సరిపోతుందా?

పానా 19

అలా బిగించకండి. మూల దిగిందంటే ప్లేటు వంగిందా, దాని కింద బ్రాకెట్ వంగిందా, వెల్డు పగిలిందా తేల్చాలి. రంగు గీకి, ఎర్ర డై పెనెట్రంట్ కొట్టి, తుడిచి, తెల్ల డెవలపర్ చల్లండి. పగులుంటే ఎర్ర గీత పైకి తేలుతుంది. క్యాబిన్ ఎంత కొత్తదైనా దెబ్బ బలం దిగేది ఆ బ్రాకెట్ల ద్వారానే, అది ఊడితే పైన ఏం పెట్టినా లాభం లేదు. బ్రాకెట్ వంగినా పగిలినా ఫ్లోర్ ప్లేటు మార్చండి. పగులు లేకుండా ప్లేటు అంచు మాత్రమే దిగి ఉంటే విప్పి ప్రెస్ మీద సమం చేయించాలి, మిగిలిన ఒకటి, ఒకటిన్నర మి.మీ. సందుకు మొత్తం కూర్చునే వెడల్పున షిమ్ పట్టీ (సందు నింపే పలుచని రేకు) పెట్టాలి. 4 మి.మీ. సందును బోల్టుతో లాగి మూసేస్తే చట్రం మెలిపడి, వారం తిరక్కముందే ముందు అద్దం మూల నుంచి చీలుతుంది. అద్దం నాసిరకమని దుకాణం వాడితో గొడవ పడతారు, తప్పు కింద ఉంటుంది.

కూర్చోబెట్టేటప్పుడు బోల్టులన్నీ చేత్తో మూడు నాలుగు చుట్లు ఎక్కించాకే ఏదైనా బిగించండి. ఎదురెదురు మూలలుగా, రెండు విడతల్లో. మాన్యువల్‌లో అంకె ఉంటే అదే ఖరారు. లేకపోతే 8.8 గ్రేడు ఎం12కు సుమారు 80 న్యూటన్ మీటర్లు, ఎం16కు 200. తలకాయ మీద 8.8 అని లేని బోల్టు ఎంత మెరిసినా వాడకండి.

రబ్బరు మౌంటింగుల రకం బండి ఉన్నవాళ్లకు ఒక మాట: కింద వచ్చే పెద్ద వాషర్ వెయ్యడం మరిచిపోతే పనిలో ఏ తేడా తెలియదు. బండి పల్టీ కొట్టిన రోజు రబ్బరు చీల్చుకుని క్యాబిన్ పైకి లేచిపోతుంది.

సీటు బెల్టు కూడా కొత్తది వెయ్యండి. ఒకసారి మనిషి బరువు ఆపిన బెల్టు పోగులు సాగి ఉంటాయి. చాలా బెల్టుల యాంకర్ బోల్టు 7/16 అంగుళాల సన్న మరది, ఎం12 బోల్టు అందులోకి బలవంతంగా ఎక్కించి మర పాడు చేసుకోకండి.

ఏసీ గ్యాస్ బండి

ఏసీ గురించి అండి. సీటు కింద ఫ్లోర్ మీదే ఏసీ యూనిట్ ఉంటే గ్యాస్ తియ్యక్కర్లేదు, డక్టు విడదీస్తే చాలు. పడ్డప్పుడు కండెన్సర్‌కు దెబ్బ తగిలిందేమో మాత్రం చూసుకోండి. యూనిట్ క్యాబిన్ గోడకు ఉంటే ఆర్134ఏ గ్యాస్‌ను మెషిన్‌తో లాగించాలి, పైపు వదులు చేసి గాల్లోకి వదలకూడదు. పైపు కొసలకు వెంటనే మూతలు వెయ్యండి. రాత్రంతా తెరిచి ఉంచితే డ్రయర్ (గ్యాస్‌లోని తేమ పట్టే డబ్బా) గాలిలోని తేమ పీల్చేస్తుంది, దాన్ని మార్చాల్సిందే. పాత ఓ రింగులు మళ్లీ వేస్తే నెల తిరిగేసరికి చల్లదనం పోతుంది. బిగించాక 30 నుంచి 45 నిమిషాలు వ్యాక్యూమ్ పెట్టి, పంపు ఆపి కాసేపు ముల్లు కదలకుండా ఉందో లేదో చూసి, స్టిక్కర్ మీద ఉన్న బరువు ప్రకారం తూకం వేసి గ్యాస్ నింపండి.

క్యాబిన్ కింది అంచుకు కొత్త ఫోమ్ పట్టీ అంటించండి. పాతది అణిగిపోయి ఉంటుంది, ఆ సందులోంచి దుమ్ము లోపలికొచ్చి కూలింగ్ కాయిల్‌కు పట్టేస్తుంది. అంటించే రకం అద్దానికి పీయూ సీలెంట్ వేసి 24 గంటలు కదపకండి. తర్వాత పైపుతో నీళ్లు కొట్టి, లోపల ఒకరు టార్చితో చూడాలి. ముఖ్యంగా ఫ్యూజ్ బాక్స్ పైన.

చిన్న పొక్లెయిన్

మొదటి స్టార్టింగ్‌కు ముందు ఎడమ కన్సోల్ (లాక్ లివర్ ఉండే ఎడమ జాయ్‌స్టిక్ బాక్సు) లేపి ఉంచండి. ఆ స్థితిలో జాయ్‌స్టిక్ కదిపితే ఏదీ కదలొద్దు, కదిలితే లాక్ స్విచ్ కనెక్టర్ తప్పు పెట్టినట్టే. తర్వాత కన్సోల్ దించి, మనుషుల్ని దూరం పంపి, తక్కువ ఆర్‌పీఎంలో ఒక్కో లివర్ మెల్లగా. ఐఎస్ఓ పద్ధతి బండిలో ఎడమ లివర్ ముందుకు తోస్తే ఆర్మ్ (బకెట్ పట్టుకునే చెయ్యి) బయటికి, పక్కలకు స్వింగ్, అంటే పైభాగం తిరగడం. కుడిది వెనక్కి లాగితే బూమ్ (బండికి తగిలి ఉండే పెద్ద చెయ్యి) లేవాలె, ఎడమకు అంటే బకెట్ ముడుచుకోవాలె. పైపులు విప్పని బండికి ఇది నిమిషం పని, విప్పిన బండికి మాత్రం ఈ పరీక్ష అయ్యేదాక ఎవర్నీ దగ్గరికి రానియ్యకండి. ఆఖర్న బూమ్ పూర్తిగా లేపి, స్వింగ్ రెండు దిక్కులా తిప్పి, కొత్త క్యాబిన్ ముందు అంచుకు బూమ్ సిలిండర్ పైపులు రాసుకోవట్లేదు కదా అని చూడండి.

ఇంకోటి, ఆపరేటర్ తప్పకుండా అడుగుతడు: దేవుడి పటానికి, ఫ్యాన్‌కు స్టాండు. స్తంభానికి వెల్డింగ్ పెట్టనియ్యకండి, డ్రిల్ కూడా వద్దు. డబల్ టేపు చాలు.

గట్టుమీది బండి

పటం సంగతి ఇప్పటికే అడిగాడు అన్నా. ఫ్లోర్ ప్లేటు విప్పి డై కొట్టాక గీత ఉందో లేదో ఇక్కడే పెడతాను.