ఎదిగే కుక్కపిల్లకు రోజుకు ఎంత వ్యాయామం సరిపోతుంది?

ప్రశ్న

మా ఇంట్లో 4 నెలల లాబ్రడార్ పిల్ల ఉంది. టీకాలన్నీ పూర్తయ్యాయి, ఆరోగ్యంగా, హుషారుగా ఉంది. మా అన్నయ్య రోజూ ఉదయం పరుగుకు వెళ్తాడు. దాన్ని కూడా వెంట తీసుకువెళ్తే ఒళ్లు గట్టిపడుతుందని, అలసిపోయి కుర్చీల కాళ్లు కొరకడం మానేస్తుందని ఆయన అభిప్రాయం. వయసు ఎన్ని నెలలైతే అన్ని ఐదు నిమిషాలు, అంటే ఇప్పుడు 20 నిమిషాలకు మించి నడిపించకూడదని నేను చదివాను. అయితే ఇదే పిల్ల పెరట్లో వదిలితే అంతకు రెండింతల సేపు ఆడుతుంది. ఆ ఆట కూడా ఈ 20 నిమిషాల లెక్కలోకి వస్తుందా? మెట్లు ఎక్కనివ్వవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం

పరుగు మాత్రం ఇప్పుడే వద్దని మీ అన్నయ్యగారికి గట్టిగా చెప్పండి. పిల్ల కాళ్ల ఎముకల చివర్ల దగ్గర గ్రోత్ ప్లేట్లు అనే మృదులాస్థి పొరలుంటాయి. ఎముక పొడవు పెరిగేది అక్కడే. ఎదుగుదల ముగిసి అవి గట్టి ఎముకగా మారేదాకా చుట్టూ ఉన్న ఎముక కంటే బలహీనంగా ఉంటాయి కాబట్టి, పెద్ద కుక్కకు బెణుకుతో పోయే దెబ్బ పిల్లకు ఆ పొర దెబ్బతినేదాకా వెళ్లవచ్చు, దానివల్ల కాలు వంకరగానో పొట్టిగానో ఎదగవచ్చు. చిన్న జాతుల్లో ఈ పొరలు చాలావరకు ఏడాదిలోపే మూసుకుంటాయి. లాబ్రడార్ వంటి పెద్ద జాతులకు సుమారు 12 నుంచి 18 నెలలు పడుతుంది, గ్రేట్ డేన్ వంటి భారీ జాతులకు ఇంకా ఆలస్యమవుతుంది.

ఇక ఐదు నిమిషాల లెక్క. అది పెంపకందారుల్లో ఒకరి నుంచి ఒకరికి వచ్చిన కొలతే తప్ప పరిశోధనలో తేలిన హద్దు కాదు. పట్టీ కట్టి నడిపించే నడకకు దాన్ని ఒక జాగ్రత్తగా పాటించడంలో తప్పు లేదు కానీ, పెరటి ఆటను అందులో కలపనవసరం లేదు. నేను నిమిషాల కంటే ముందు చూసేది ఒక్కటే: ఆగాలని అనిపించినప్పుడు పిల్ల ఆగగలుగుతోందా? పెరట్లో అది పరుగెత్తుతుంది, కూర్చుంటుంది, మట్టి వాసన చూస్తుంది, అలసట తోచగానే పడుకుంటుంది. పట్టీ చివర మనిషి వేగానికి తగ్గట్టు పరుగెత్తేటప్పుడు ఆ వెసులుబాటు ఉండదు. పైగా యజమానిని సంతోషపెట్టాలన్న తపన లాబ్రడార్‌కు ఎక్కువ కాబట్టి, నొప్పిగా ఉన్నా ఆగకుండా వస్తూనే ఉంటుంది. బంతిని పదే పదే విసిరి తెప్పించడం కూడా ఇలాంటిదే. అకస్మాత్తుగా ఆగడం, మలుపు తిరగడం, గాల్లోకి ఎగరడం అన్నీ ఒకే కీళ్ల మీద పడతాయి.

రెండవ సమాధానం

మెట్ల గురించి అడిగారు. నార్వేలో న్యూఫౌండ్‌లాండ్, లాబ్రడార్, లియోన్‌బర్గర్, ఐరిష్ వుల్ఫ్‌హౌండ్ జాతుల పిల్లలను గమనిస్తూ చేసిన ఒక అధ్యయనం 2012లో వెలువడింది. పుట్టినప్పటి నుంచి 3 నెలల వయసు వరకు రోజూ మెట్లు ఎక్కి దిగిన పిల్లల్లో తుంటి కీలు సరిగా అమరని హిప్ డిస్‌ప్లేసియా ముప్పు ఎక్కువగా కనిపించింది. అదే వయసులో మెత్తగా, కాస్త ఎత్తుపల్లాలుగా ఉన్న నేల మీద పట్టీ లేకుండా తిరిగిన పిల్లల్లో ఆ ముప్పు తక్కువగా ఉంది. అంటే కదలికను మొత్తంగా ఆపివేయడం కాక, ఎలాంటి నేల మీద ఎలా కదులుతోందన్నది చూడాలి. మీ పిల్ల ఆ వయసు దాటింది కనుక అప్పుడప్పుడు నాలుగు మెట్లు ఎక్కితే భయపడనక్కరలేదు. దిగేటప్పుడు మాత్రం పక్కన ఉండి నెమ్మదిగా దింపండి. నున్నటి గచ్చు మీద కాళ్లు జారుతుంటే ఆడే చోట చాప పరచండి.

వ్యాయామం గురించి ఇంతగా ఆలోచించేవారు కూడా బరువు సంగతి మరచిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. లాబ్రడార్లనే జతలుగా చేసి జీవితాంతం గమనించిన మరో అధ్యయనంలో, జతలోని రెండవ కుక్క కంటే 25 శాతం తక్కువ తిండి తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటికి కీళ్ల అరుగుదల కూడా ఆలస్యంగా వచ్చింది. చేతితో తడిమితే పక్కటెముకలు తెలియాలి. పెద్ద జాతి పిల్లల కోసం తయారైన సమతులాహారం పెడుతుంటే కాల్షియం మాత్రలు అదనంగా వేయకండి. ఈ వయసులో పిల్ల శరీరం అధిక కాల్షియాన్ని అడ్డుకోలేదు, దాంతో ఎముకలు అస్తవ్యస్తంగా ఎదుగుతాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. సాయంత్రమయ్యేసరికి ఇల్లంతా గిరగిరా పరుగులు తీసి, చేతులు, బట్టలు పట్టి కొరుకుతుంది. వ్యాయామం చాలకనే అలా చేస్తోందని అన్నయ్య వాదన. నిజమేనా?

మూడవ సమాధానం

చాలాసార్లు అందుకు విరుద్ధంగా ఉంటుంది. ఈ వయసు పిల్లకు రోజులో 18 గంటల వరకు నిద్ర కావాలి. ఇంటి సందడిలో అది దొరకకపోతే, నిద్రవేళ దాటిన పసిబిడ్డ పేచీ పెట్టినట్టే ఇదీ సాయంత్రానికి అదుపు తప్పుతుంది. అప్పుడు ఇంకా ఆడించకుండా, వెలుతురు తగ్గించిన చోట పడుకోబెట్టి చూడండి. కుర్చీ కాళ్లు కొరకడానికి కారణం వేరు. 4 నెలల నుంచి సుమారు 6 లేదా 7 నెలల దాకా పాలపళ్లు ఊడి శాశ్వత దంతాలు వస్తుంటాయి, చిగుళ్ల దురద పరుగుతో తీరదు. గోటితో నొక్కితే కాస్త లొంగే రబ్బరు బొమ్మలు ఇవ్వండి. మరీ గట్టివైతే పళ్లు విరుగుతాయి.

నడకలో దాన్ని తొందరపెట్టకుండా వాసన చూడనివ్వండి. కొంత తిండిని గడ్డిలో చల్లి వెతికించడం, రెండు మూడు నిమిషాల చొప్పున కూర్చోవడం, పిలిస్తే రావడం నేర్పడం వల్ల కీళ్లకు భారం లేకుండానే మనసుకు పని దొరుకుతుంది. నా మటుకు ఈ వయసులో రోజుకు రెండు చిన్న నడకలు, నడుమ ఆట, తక్కినదంతా నిద్ర అనే పద్ధతే మేలనిపిస్తుంది.

నాలుగవ సమాధానం

పై మాటలతో ఏకీభవిస్తూ మరి రెండు విషయాలు చేరుస్తాను. కుక్కలు ఒంటి వేడిని ప్రధానంగా రొప్పడం ద్వారానే తగ్గించుకుంటాయి కాబట్టి ఎండలో పది నిమిషాల నడక కూడా ప్రమాదకరం కావచ్చు. అరచేతి వెనుక భాగాన్ని నేలకు ఆనించి కొన్ని క్షణాలు ఉంచలేకపోతే దాన్ని ఆ నేల మీద నడిపించవద్దు.

రెండవది కుంటడం. నిద్ర లేచాక బిగుసుకున్నట్టు నడవడం, వెనుక కాళ్లు రెండూ కలిపి గెంతుతూ పరుగెత్తడం, ఒకసారి ఒక కాలు మరోసారి ఇంకో కాలు కుంటడం కనిపిస్తే ఆట ఆపి పశువైద్యునికి చూపించండి. కాలు మార్చి కుంటడం 5 నుంచి 18 నెలల మధ్య పెద్ద జాతుల్లో వచ్చే పానోస్టయిటిస్ అనే ఎముక నొప్పి వల్ల కావచ్చు, అది సాధారణంగా దానంతట అదే తగ్గుతుంది. మిగతా రెండూ తుంటి సమస్యకు సూచన కావచ్చు కనుక ఎక్స్‌రే అవసరమవుతుంది. మీ అన్నయ్యగారి పరుగు సంగతికి వస్తే, సుమారు 18 నెలలు నిండాక ఒకసారి కీళ్లు పరీక్ష చేయించి, మొదట్లో నడక మధ్యలో ఒకటి రెండు నిమిషాల పరుగుతో ప్రారంభించి, వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచుకుంటూ వెళ్లవచ్చు.