లేబుల్ చిరిగిన పాత మాండలిన్ ఏ దేశానిదో గుర్తుపట్టేదెలా?

ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక పాత మాండలిన్ కొన్నాను. మన మాండలిన్ శ్రీనివాస్ గారు వాయించిన ఎలక్ట్రిక్ రకం కాదు, వెనక బుర్రలా ఉబ్బెత్తుగా ఉండే, ఇటలీలోని నేపుల్స్ నగరం పద్ధతి వాయిద్యం. 4 జతలు, మొత్తం 8 తీగలు.

వివరాలు: నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి (పైపలక మీద తీగలు ఆనే చెక్క) దాకా దాదాపు 33 సెం.మీ. వెనక 21 చెక్క బద్దలు, ముదురు రంగు, బహుశా రోజ్‌వుడ్. పైపలక బ్రిడ్జి వెనకాల కాస్త కిందికి వంగి ఉంది. నట్ పక్కనే జీరో ఫ్రెట్ (మొదటి మెట్టుకు ముందుండే అదనపు మెట్టు) ఉంది. బిరడాల ఇత్తడి ప్లేట్ల మీద లతల చెక్కడం తప్ప పేరు, ముద్ర ఏమీ లేవు. లోపల లేబుల్ చాలావరకు చిరిగిపోయింది, చివర్లో 'నాపోలి' (నేపుల్స్‌కి ఇటాలియన్ పేరు) అన్న ఇంగ్లీషు అక్షరాలు మాత్రం మిగిలాయి.

ఫోన్ టార్చ్, చిన్న అద్దం పెట్టి లోపలంతా వెతికాను, నంబర్ ఎక్కడా కనబడలేదు. ఫొటోలతో నెట్‌లో వెతికితే ఇటలీవీ, జర్మనీవీ, జపాన్‌వీ అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. కోఠీలో రిపేరు చేసే ఒకాయన చూడగానే "ఇటలీదే" అన్నారు, ఎలా చెప్పారో మాత్రం చెప్పలేదు! ఆ ఒక్క మాట మీద, చిరుగు లేబుల్ మీద నాకు నమ్మకం కుదరడం లేదు. లేబుల్ ఎవరైనా తర్వాత అంటించొచ్చు కదా. మెడ పరిస్థితి తెలియదు కాబట్టి తీగలు ఇంకా బిగించలేదు.

లేబుల్‌ని పక్కన పెడితే, ఇది నిజంగా ఇటలీలో చేసిందేనని తేల్చుకోవడానికి వాయిద్యంలో ఏ భాగం చూడాలి?